తనిఖీగారి గెజిటెడ్ హోదా

అంతర్జాల దరఖాస్తుల సంచాలకుల కార్యాలయంలో ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టే హక్కు పదకొండుమందికే ఉంది. వాళ్ళు గెజిటెడ్ అధికారులు. మిగతా నూట నలభైమంది నీలం సిరాతోనో నల్ల సిరాతోనో కాలం వెళ్ళబుచ్చుతున్నారు. ఒకసారి ఒక సీనియర్ అసిస్టెంటు జేబులో పచ్చ రీఫిల్ కనిపించిందని మెమో ఇచ్చారు. అది కూతురి డ్రాయింగు కోసం కొన్నదని నిరూపించుకోవడానికి ఆయన ఆ పిల్ల వేసిన చిలక బొమ్మను ఫైలుకు జతచేయవలసి వచ్చింది. కాకినాడలో సముద్రం కూతవేటు దూరంలోనే ఉన్నా, ఆ ఆఫీసులో జనం ఎక్కువగా భయపడేది ఆ రంగుకే.

హైమావతికి ఇదంతా తెలుసు. ఆరేళ్ళుగా అక్కడ కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ప్రోగ్రామరు ఆమె. బస్సు పాసు నుంచి హాస్టల్ సీటు దాకా జనం పెట్టుకునే దరఖాస్తులన్నీ ఆ ఆఫీసు నడిపే వెబ్‌సైటులోంచే వెళ్ళాలి. ఆ సైటు గురించి చెప్పుకుంటే సిగ్గుచేటు. ఒకచోట చెయ్యి పెడితే ఇంకోచోట ఊడిపోయేది. బస్సు పాసు పేజీలో తేదీ సరిచేస్తే పెళ్ళి రిజిస్ట్రేషన్ పేజీ పెళ్ళికొడుకుల్ని తీసుకోవడం మానేసింది. వారం రోజులపాటు జిల్లాలో పెళ్ళికూతుళ్ళు మాత్రమే రిజిస్టరయ్యారు.

ఇక ఉండబట్టలేక హైమావతి, ఎవరూ అడగకపోయినా, నాలుగు నెలలు కూర్చుని ఒక తనిఖీ ప్రోగ్రాం రాసింది. సైటులో ఎవరు ఒక్క అక్షరం మార్చినా అది దానంతటదే లేచి మూడు వందల పన్నెండు పరీక్షలు పెడుతుంది. తనే దరఖాస్తుదారులాగా ఫారాలు నింపి పంపి, ఏం జరిగిందో చూస్తుంది. సరిగ్గా ఉన్నదాని పక్కన పచ్చ టిక్కు, చెడిపోయినదాని పక్కన ఎర్ర ఇంటూ. అంతా కలిపి నాలుగు నిమిషాల పని. ఆ నాలుగు నిమిషాల్లో హైమావతి టీ తాగేది. ఆరేళ్ళలో ఆమె ప్రశాంతంగా తాగిన టీ అదే.

సంచాలకులు విశ్వపతిరావుగారు అప్పుడే రాజధానిలో ఏదో సదస్సు నుంచి తిరిగొచ్చారు. యంత్రమే పరీక్షలు పెట్టే విధానం గురించి అక్కడ విన్నారు. విన్న మాట చల్లారకముందే సర్క్యులర్ వేశారు. 'ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ఆకుపచ్చ గుర్తు పొందనిదే ఏ మార్పునూ ప్రజా వినియోగమునకు విడుదల చేయరాదు. ఉల్లంఘించినవారు క్రమశిక్షణా చర్యకు బాధ్యులగుదురు.' దాని నకలు ఒకటి రాజధానికీ పంపారు. ఆ తర్వాత, అసలా గుర్తు ఎలా ఉంటుందో చూద్దామని జూన్ మూడో తేదీన హైమావతిని పిలిపించారు.

తెర మీద పచ్చ టిక్కులు బారులు తీరాయి. విశ్వపతిరావుగారి ముఖం వెలిగిపోయింది. అప్పుడు సూపరింటెండెంటు దాలినాయుడుగారు వంగి ఆయన చెవిలో ఏదో అన్నారు. ముప్పైరెండేళ్ళ సర్వీసులో దాలినాయుడుగారు చెవిలో చెప్పిన మాట వల్ల బాగుపడిన పని ఒక్కటీ లేదు.

"అమ్మాయ్, ఈ టిక్కులు ఎవరు పెడుతున్నారు?" అన్నారు సంచాలకులు.

"ప్రోగ్రామే పెడుతుందండి."

"పచ్చగా పెడుతోందే! దానికి గెజిటెడ్ హోదా ఉందా?"

హైమావతికి నవ్వొచ్చింది. ఎదురుగా ఇద్దరి ముఖాల్లో నవ్వన్నది లేకపోవడం చూసి మింగేసింది. "అయితే నీలం రంగు చేసేస్తానండి. అర నిమిషం పట్టదు."

"సర్క్యులర్లో ఆకుపచ్చ అని రాశాం. దాని నకలు రాజధానికి వెళ్ళింది. ప్రభుత్వం ఒకసారి చెప్పిన రంగు మార్చదు."

"రంగు మార్చకూడదు, హోదా లేనివాళ్ళు ఆ రంగు వాడకూడదు. కాబట్టి సార్, హోదా ఇప్పించడమొక్కటే మార్గం," అన్నారు దాలినాయుడుగారు, ఉగాది పచ్చడి పంచుతున్నంత ప్రసన్నంగా.

హైమావతి తన సీటు దగ్గరికి వచ్చేసరికి నూకాలమ్మ చీపురు గోడకి ఆనించి కాచుకుని ఉంది. నూకాలమ్మ ఆఫీసు ఊడుస్తుంది, సార్ల గదులు సర్దుతుంది. ఆమె కూతురు పోయి పదేళ్ళయింది. ఆ కూతురి బిడ్డ లోవకుమారికి పదో తరగతిలో ఐదు వందల అరవై ఒక్క మార్కులొచ్చాయి. సంక్షేమ గురుకుల కాలేజీలో ఇంటరు సీటుకు దరఖాస్తు పెడితే సైటు మూడుసార్లు తిప్పికొట్టింది.

"తండ్రి పేరు రాయమంటందండి అమ్మాయిగోరూ. ఆడు బిడ్డ కడుపులో ఉండగానే ఎల్లిపోనాడు. ఆడి పేరు నా నోటంట రాదు, కాయితమ్మీద రానివ్వను."

"ఖాళీగా వదిలేస్తే తీసుకోవట్లేదా, మామ్మా?"

"ఎర్రగా అరుస్తందండి. ముప్పయ్యో తారీకు ఆకరంట. రొయ్యల సెడ్డోడు ఒకటో తారీకు నుంచి పిల్లని పంపమంటన్నాడు. తలకాయలు ఒలవడానికి."

హైమావతి సైటు లోపలి కోడు తెరిచి చూసింది. ఒకే ఒక్క వరుస. తండ్రి పేరు గడి ఖాళీగా ఉంటే వెనక్కి పంపమని ఎప్పుడో ఎవరో రాసిపెట్టారు. దాన్ని తీసేస్తే చాలు, పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ పచ్చ గుర్తు లేనిదే ఏ మార్పూ బయటకు పోకూడదు, హోదా వచ్చేదాకా పచ్చ గుర్తు చెల్లదు. "సాయంత్రానికి చేసేద్దును మామ్మా, కానీ యంత్రానికి ఉద్యోగం రావాలి," అంది. నూకాలమ్మకు అర్థం కాలేదు. ఆ మాటకొస్తే హైమావతికీ అర్థం కాలేదు.

యంత్రం నియామకపు ఫైలు దాలినాయుడుగారు స్వయంగా నడిపారు. ముందు పేరు కావాలి. ఇంటిపేరు యంత్రం, పేరు తనిఖీ. వెరసి శ్రీ యం. తనిఖీ. పుట్టిన తేదీ, హైమావతి ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టిన రోజు. ఆ లెక్కన అభ్యర్థికి ఏడాది నిండలేదు కాబట్టి కనీస వయసు సడలింపు కోసం వేరే ఫైలు లేచింది. గుర్తింపు కోసం రెండు పుట్టుమచ్చలు చూపించమంటే, కంప్యూటరు పెట్టె కుడివైపు ఒక గీత, వెనకవైపు ఎవరో అంటించిన అరటిపండు స్టిక్కరు రాసుకున్నారు. ఆ స్టిక్కరు ఊడిపోకుండా చూసే బాధ్యత ఒక అటెండరుకు అప్పగించారు.

తండ్రి పేరు దగ్గర ఫైలు ఆగింది.

"తయారుచేసింది నువ్వే కదమ్మా. తల్లి పేరు దగ్గర నీ పేరు రాస్తాను," అన్నారు దాలినాయుడుగారు.

"వద్దండి బాబూ! ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు."

ఫైలు రాజధానికి వెళ్ళింది. హైమావతి దాని మీద ఆశ వదిలేసుకుంది. తీరా చూస్తే వారం తిరక్కుండానే జీవో వచ్చేసింది. 'శ్రీ యం. తనిఖీ విషయమును ప్రత్యేక సందర్భముగా పరిగణించి, తండ్రి పేరు పేర్కొనుట నుండి మినహాయింపు ఇవ్వడమైనది.' హైమావతి ఆ కాగితం పట్టుకుని పరుగున దాలినాయుడుగారి దగ్గరికి వెళ్ళింది.

"సార్, ఇదే మినహాయింపు ఆ పిల్లక్కూడా..."

"ఇది గెజిటెడ్ హోదా కోసం ఇచ్చిన మినహాయింపమ్మా. ఆ పిల్లను గెజిటెడ్ కానివ్వు, చూద్దాం."

హైమావతికి ఒళ్ళు మండింది. తండ్రి లేని పెట్టెకు ప్రభుత్వం దయ చూపించింది, తండ్రి లేని పిల్లకు చూపించడానికి మాత్రం అర్హతలు అడుగుతోంది. ఆ మాట పైకి అనడానికి కాంట్రాక్టు ఉద్యోగం అడ్డొచ్చింది.

జూన్ పదిహేడున తనిఖీగారు చార్జి తీసుకున్నారు. ప్రత్యేకంగా గది, ఏసీ, బల్ల మీద కాలింగ్ బెల్లు, తలుపుకు ఇత్తడి నామఫలకం. కంప్యూటరును కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీ వీపుకు తెల్ల తువ్వాలు కప్పారు. ఆ తువ్వాలు రోజూ మార్చే పని నూకాలమ్మకు పడింది. ఆమె రోజూ పొద్దున్నే తువ్వాలు మార్చి, బల్ల తుడిచి, ఆ పెట్టెకు ఒక నమస్కారం పెట్టి వచ్చేది. పిల్ల సీటు అక్కడే ఆగి ఉందని ఆమెకు ఎవరో చెప్పారు.

అంతకుముందు రోజుకు నలభైసార్లు లేచి పరుగెత్తిన ప్రోగ్రాం, అధికారి కాగానే తీరే మారిపోయింది. మారిపోయింది అనడం అన్యాయం, మార్చేశారు. గెజిటెడ్ అధికారిని ఎవరు పడితే వారు ఎప్పుడు పడితే అప్పుడు లేపకూడదని ఉత్తర్వు వచ్చింది. పనివేళలు పదిన్నర నుంచి ఐదు, మధ్యలో భోజన విరామం. ఆ గంటసేపు ప్లగ్గు తీసేసేవారు. మార్పులు నేరుగా ఇవ్వకూడదు. కాగితం మీద అచ్చువేసి, సెక్షను గుమాస్తా నుంచి మొదలుపెట్టి ఆరుగురి సంతకాలతో, సరైన మార్గంలో సమర్పించాలి. ఆపైన ఆ కాగితం చూసి టైపిస్టు తిరిగి కంప్యూటరులో కొడతాడు. కొట్టేటప్పుడు తప్పులు దొర్లితే ఎర్ర ఇంటూ పడేది, ఆ ఇంటూకు సంజాయిషీ హైమావతి రాసుకోవాలి.

ఈలోగా ఊళ్ళో వార్త పొక్కింది. పన్నెండో గెజిటెడ్ అధికారి వచ్చాడని, చిరాకు పడడని, తర్వాత రమ్మనడని తెలిసి విద్యార్థులు జిరాక్సు కాపీలు పట్టుకుని అటెస్టేషన్ కోసం వరుస కట్టారు. విశ్వపతిరావుగారు ప్రజాసేవ కింద ఒక స్కానరు పెట్టించారు. కాగితం పెడితే పచ్చ టిక్కు అచ్చుపడి వచ్చేది. ఎందుకు రాదు? ఫలానాది తప్పు అని ఎవరైనా రాసిపెడితేనే ప్రోగ్రాం తప్పు పడుతుంది. మార్కుల జాబితాల గురించి హైమావతి ఏ పరీక్షా రాయలేదు. కనుక తనిఖీగారి దృష్టిలో లోకంలోని కాగితాలన్నీ నిజమే. ఒక కుర్రాడు పొరపాటున బిర్యానీ హోటలు ధరల పట్టిక పెడితే, దానికీ అసలు ప్రతితో సరిచూడడమైనదని ముద్ర పడింది.

హైమావతి మార్చిన ఒక్క వరుస ఇరవై ఆరో తేదీన తనిఖీగారి ఎదుటికి వచ్చింది. నూకాలమ్మ తలుపు దగ్గరే నిలబడింది. మూడు వందల పదకొండు పచ్చ టిక్కులు పడ్డాయి. నూట నలభై ఏడో పరీక్ష దగ్గర ఎర్ర ఇంటూ.

హైమావతి నూట నలభై ఏడో పరీక్ష ఏమిటో తెరిచి చూసింది. 'తండ్రి పేరు లేని దరఖాస్తును సైటు తిప్పిపంపాలి.' రాసింది తనే. పరీక్షలు రాసేటప్పుడు సైటు ఎలా నడుస్తోందో అలాగే నడవాలని రాసుకుంటూ పోయింది. ఉన్నది ఉన్నట్టు రాసింది తప్ప, ఉన్నది న్యాయమా అని ఆగి ఆలోచించలేదు. ఆ రోజు త్వరగా ఇంటికి వెళ్ళాలని కూడా గుర్తు. తన మీద తనకే అసహ్యం వేసింది.

సరే, తను రాసిందే కదా, దిద్దుకుందామని సంచాలకుల అనుమతి అడిగింది.

విశ్వపతిరావుగారు కళ్ళజోడు తీశారు. "ఒక గెజిటెడ్ అధికారి తన అభిప్రాయం వ్రాతపూర్వకంగా వెలిబుచ్చారు. దాన్ని కాంట్రాక్టు ఉద్యోగి దిద్దుతుందా?"

"ఆయన అభిప్రాయం నేను రాసిందేనండి."

"అధికారుల అభిప్రాయాలు కింది సిబ్బందే రాస్తారమ్మా. సంతకమయ్యాక అవి అధికారివి. ఇప్పుడు నువ్వు చేస్తానంటున్నది దిద్దుబాటు కాదు, ఒత్తిడి." మర్నాడు మెమో కూడా వచ్చింది.

ఇరవై తొమ్మిదో తేదీ మధ్యాహ్నం హైమావతి కంప్యూటరు ముందు లోవకుమారి ఫారం తెరిచి కూర్చుంది. పక్కన పిల్ల నిలబడి ఉంది. రొయ్యల షెడ్డుకు కావాలని నూకాలమ్మ అప్పటికే చేతులకు రబ్బరు తొడుగులు కొనిపెట్టిందట. ఆ మాట పిల్ల నేల చూపులు చూస్తూ చెప్పింది.

"మామ్మా, పోనీ ఏదో ఒక పేరు రాద్దాం. లేకపోతే సీటు పోతుంది," అంది హైమావతి.

నూకాలమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆడి పేరొద్దు. అదుగో, ఆ గదిలో కూకున్నారే, ఆ అయ్యగోరి పేరు రాయండి."

"తనిఖీగారి పేరా?"

"పన్నెండ్రోజుల్నుంచీ సూత్తన్నానండి. తాగడు. తిట్టడు. సెయ్యెత్తడు. ఏలకొత్తాడు, ఏలకెల్తాడు. మా పిల్లకి అలాటోడు దొరికుంటే ఈపాటికి బతికుండును." ఆమె కళ్ళు కొంగుతో తుడుచుకుంది.

హైమావతి ఇంకేమీ ఆలోచించలేదు. తండ్రి పేరు: యం. తనిఖీ. వృత్తి: గెజిటెడ్ అధికారి. ఆధారంగా జీవో ప్రతి జతచేసింది. దాన్ని తనిఖీగారి స్కానరులోనే పెట్టి అటెస్టు చేయించింది. సైటు దరఖాస్తును ఎర్రగా అరవకుండా మింగేసింది.

ముప్పయ్యో తేదీ పొద్దున్న జవాబు వచ్చింది. 'అభ్యర్థిని తండ్రి గెజిటెడ్ అధికారి అయినందున, సంక్షేమ గురుకులములో ప్రవేశమునకు అనర్హురాలు.'

నూకాలమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుంది. హైమావతి ఏడుపు ఆపుకుంటూ చదివింది. నూకాలమ్మ మాత్రం ఏడవలేదు.

"అంటే ఆ అయ్యగోరు మా లోవ తండ్రని గవుర్మెంటోరు ఒప్పుకున్నట్టేనా అండి?"

"ఒప్పుకున్నట్టే, మామ్మా."

"అచ్చరాల్లో రాసిచ్చారు కదా?"

"రాసిచ్చారు."

నూకాలమ్మ కాగితం మడిచి బొడ్డున దోపుకుంది. పిల్ల చెయ్యి పట్టుకుని వరండాలోకి నడిచింది. అటెస్టేషన్ వరుసలో ఉన్న అరవైమందినీ తోసుకుంటూ వెళ్ళి, ఇత్తడి నామఫలకం కింద గడపకు అడ్డంగా చతికిలబడింది.

"లెగు అల్లుడా!" అని కేకేసింది. "పిల్లని సదివిత్తావా, రొయ్యలొలవడానికి పంపుతావా? తేల్చు! ఉజ్జోగం ఉంది, ఏసీ ఉంది, పిల్లకి మాత్రం దిక్కులేదా?"

వరుసలోని విద్యార్థులు ఫోన్లు పైకెత్తారు. విశ్వపతిరావుగారు గదిలోంచి పరుగున వచ్చారు, వెనకాలే దాలినాయుడుగారు. కాగితం చేతులు మారింది. దాలినాయుడుగారు చదివి, ముప్పైరెండేళ్ళలో మొదటిసారి చెవిలో కాకుండా పైకే అనేశారు.

"సార్! కుటుంబ వివరాలు దాచిపెట్టి ఉద్యోగంలో చేరారు. ప్రవర్తనా నియమావళి ప్రకారం సస్పెన్షనే!"

"సస్పెండ్ చేస్తే ఆయన పెట్టిన టిక్కులు?"

"చెల్లవు సార్. నాలుగు వేల అటెస్టేషన్లు కూడా."

"సిఫార్సు చేసింది ఎవరు?"

"తమరే సార్."

విశ్వపతిరావుగారు గోడకు ఆనుకున్నారు. "ముందు ఆ గడిలోంచి ఆయన పేరు తీయించండి!"

"తీస్తే గడి ఖాళీ అవుతుందండి," అంది హైమావతి. "ఖాళీగా ఉంటే సైటు తీసుకోదు."

"తీసుకునేట్టు చెయ్యి!"

"పచ్చ గుర్తు కావాలి కదండీ. తనిఖీగారు ఎర్ర ఇంటూ పెట్టారు."

సంచాలకులు దాలినాయుడుగారి వంక చూశారు. దాలినాయుడుగారు కళ్ళు మూసుకుని నియమావళి పేజీలు మనసులో తిప్పారు. "సొంత కుటుంబానికి సంబంధించిన విషయంలో ఏ అధికారీ నిర్ణయం తీసుకోకూడదు సార్. ఆయన పెట్టిన ఇంటూ చెల్లదు. ఈ ఒక్క మార్పుకూ ఆయన్ను పక్కన పెట్టవచ్చు."

"పెట్టండి!"

తనిఖీగారి ప్లగ్గు పీకేశారు. హైమావతి తన సీటుకు పరుగెత్తి ఆ ఒక్క వరుసా చెరిపేసింది. ఏ పరీక్షా లేకుండా, ఏ రంగూ లేకుండా, మూడు గంటల నలభై నిమిషాలకు మార్పు జనంలోకి వెళ్ళింది. పరీక్ష పెట్టకుండా మార్పు వదలడం ఆమెకు ఇష్టం లేని పని. ఆ ఇష్టం లేనితనం కోసమే కదా నాలుగు నెలలు కూర్చుంది. లోవకుమారి ఫారం ఖాళీ గడితో వెళ్ళింది. రెండు నిమిషాల్లో సీటు ఖాయమని కబురొచ్చింది. పిల్ల వాళ్ళ మామ్మను గట్టిగా వాటేసుకుంది.

గడువు ఐదింటికి ముగిసింది. ఐదూ పదికి హైమావతి ఆ రోజు నివేదిక అచ్చువేసి సంచాలకుల బల్ల మీద పెట్టింది. తండ్రి పేరు లేదని ఇన్నాళ్ళూ తిరగ్గొట్టిన దరఖాస్తులు ఎన్నో సైటు గుమ్మంలోనే పడి ఉన్నాయి. అడ్డు తీయగానే అవన్నీ వరుసగా లోపలికి వచ్చేశాయి. ఉప్పాడ, తుని, రంపచోడవరం, రాజోలు. రెండు వందల పదహారుమంది పిల్లలు, రెండు వందల పదహారు ఖాళీ గడులు.

విశ్వపతిరావుగారు ఆ జాబితాను పైనుంచి కిందికి చూశారు. పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. ఆయన ముఖం పాలిపోయింది. తలుపు వేసి రమ్మని దాలినాయుడుగారికి సైగచేసి, గొంతు బాగా తగ్గించి అడిగారు.

"వీళ్ళందరూ కూడా ఆయన పిల్లలేనా?"